పిరికి కొండప్ప విప్పిన బోల్టు

కొండప్ప పిరికివాడు. ముద్దలకుంటలో ఈ మాట ఎవరూ చాటుగా అనరు, ఆయన మొహం మీదే అంటారు. ఆయనా కాదనడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, కుక్క కనిపిస్తే రోడ్డుకు ఆ పక్కకు మారిపోతాడు. సూదిమందంటే భయం, పోలీసు జీపంటే భయం, ఉరుమంటే భయం. కరెంటంటే మరీ భయం. ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపి, ఆపినట్టు రెండుసార్లు చూసుకుని, చెప్పులు తొడుక్కుని, ఇంత చేసీ చివరికి భార్య మారెక్కనే స్టూలు ఎక్కమంటాడు. "నిన్ను కట్టుకున్న పాపానికి నేనే మొగోని మాదిరి బతకాల్సి వచ్చె" అని మారెక్క స్టూలు మీది నుంచే తిడుతుంది. ఆయన కింద నిలబడి స్టూలు పట్టుకుంటాడు. ఆ పట్టుకోవడంలో మాత్రం వంక పెట్టడానికి లేదు.

కళ్యాణదుర్గం నుంచి రాయదుర్గం పోయే రోడ్డు పక్కన ఆయనకో రేకుల షెడ్డు ఉంది. వేరుశనగ కాయలు వలిచే మిషన్లు, మందు కొట్టే పంపులు, గట్ల మీద గడ్డి కోసేవి, పశువుల మేతకు జొన్నసొప్ప తరిగేవి, అన్నీ అక్కడికే వస్తాయి. వానల్లేని సీమని పేరే గాని ఇక్కడ తుప్పుకేం కరువు లేదు. ఏడాదిలో పది నెలలు మిషన్ ఎండలో పడి ఉంటుంది. ఎప్పుడో నాలుగు చినుకులు పడితే ఆ నీళ్ళు మరల్లోకి దిగి అక్కడే కాపురం పెడతాయి. మళ్ళీ పని పడే నాటికి నట్టూ బోల్టూ కలిసి ఒకటే ఇనుపముద్ద. అలా పట్టేసిన బోల్టు ఎన్ని చేతులు తిరిగినా ఆఖరుకు కొండప్ప ముందుకే వస్తుంది.

మిగతా మెకానిక్కులకు ధైర్యం ఎక్కువ. స్పానరుకు నాలుగడుగుల పైపు తొడిగి దాని మీదికి దూకుతారు, లేదంటే గ్యాసు మంటతో ఎర్రగా కాలుస్తారు. సగం బోల్టులు ఊడతాయి, సగం విరుగుతాయి. విరిగితే "ఇది ముందే పోయిండాది అన్నా" అని చేతులు దులుపుకుంటారు. కొండప్ప అలా కాదు. డీజిల్లో కిరోసిన్ కలిపి పోసి పక్కన కూర్చుంటాడు. చిన్న సుత్తితో చుట్టూ తడతాడు, చెవి దగ్గర పెట్టి వింటాడు, మళ్ళీ పోస్తాడు. రైతు విసిగి ఇంటికి పోయి మర్నాడు వస్తాడు. అప్పటికి బోల్టు ఊడి, కడిగి, గుడ్డ మీద పెట్టి ఉంటుంది. ఈ షెడ్డు వేసిన ముప్పై అయిదేళ్ళలో ఆయన చేతిలో ఒక్క బోల్టు విరగలేదు.

జనం దాన్ని పనితనం అంటారు. పనితనమూ లేదు, పాడూ లేదు, అది ఉత్త భయం. పంతొమ్మిదేళ్ళప్పుడు కొండప్ప కళ్యాణదుర్గంలో తిప్పయ్య మేస్త్రి దగ్గర పని నేర్చుకునేవాడు. అప్పుడు మహా దూకుడు మనిషి. ఒకరోజు ఎవరిదో బంగళా తోటలో గడ్డి కోసే మిషన్ వచ్చింది. బ్లేడు బోల్టు తుప్పుతో పట్టేసింది. మేస్త్రి వద్దంటున్నా వినకుండా కొండప్ప పైపు తొడిగి దాని మీద ఎగిరి దూకాడు. బోల్టు తల తెగింది. పైపు గిర్రున లేచి వెనక ఉన్న మేస్త్రి కంటికి తగిలింది. ఆ కన్ను మళ్ళీ రాలేదు.

మేస్త్రి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పదో రోజు కంటికి కట్టుతో షాపుకు వచ్చి, ఆ విరిగిన బోల్టు మొండెం ముందు కొండప్పను కూర్చోబెట్టి, "పట్టేసిందాన్ని ఇప్పాలంటే ముందు బిగియాల్రా. ఎంట్రుకంత బిగిస్తే తుప్పు తెగుతాది. అప్పుడు ఇప్పు" అన్నాడు. పాఠం చెప్పి, ఉన్న ఒక్క కన్నుతో శిష్యుణ్ణి చూశాడు. ఆ చూపు కొండప్ప చేతుల్లోకి దిగి అక్కడే ఉండిపోయింది. నలభై ఏళ్ళుగా స్పానరు పట్టిన ప్రతిసారీ ముందు చెయ్యి వణుకుతుంది, ఆ తర్వాతే పని మొదలవుతుంది.

పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఓబులేసు బండి మీద వచ్చి షెడ్డు ముందు కింద పడ్డంత పని చేశాడు. ఓబులేసు నాగరత్నమ్మ చేనికి పక్క చేను మనిషి.

"బిర్నా రాప్పా కొండప్పా! నాగరత్నమ్మ కోడలు చెయ్యి సొప్ప మిషన్‌లో ఇరుక్కునింది!"

నాగరత్నమ్మ కోడలంటే హేమలత. ఆ పిల్ల రోజూ బస్సులో రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుడుతుంది. మొగుడు బోర్లు వేసే బండి మీద కర్ణాటకలో తిరుగుతుంటాడు. అత్తా కోడళ్ళిద్దరే నాలుగు పాడి ఎనుములు పెట్టుకుని బతుకుతున్నారు.

"నూటెనిమిదికి చేసినారా?"

"చేసినాము. యాడో కేసుకు పోయిండాదంట, ముక్కాల్ గంట పడతాది అంటాండారు."

"ఫైరోళ్ళకి?"

"వాళ్ళూ వస్తాండారు."

"అందరూ వస్తాంటే ఇంక నేనేంటికప్పా?" అన్నాడు కొండప్ప. ఆయన గొంతు ఆయనకే అసహ్యంగా వినిపించింది. కాళ్ళు వెనక్కి పోతున్నాయి. ఇంతలో మారెక్క లోపలి నుంచి పనిముట్ల సంచి తెచ్చి భుజానికి తగిలించింది. "ఆ మిషన్ చేసింది నువ్వు. నువ్వు గాక ఇంకెవురు పోతారు? నడువు" అని వీపు మీద చెయ్యి వేసి బండి ఎక్కించింది.

అదీ నిజమే. ఆ మిషన్ పదకొండేళ్ళ కిందట ఆయన చేతులతో చేసిందే. ముందు ఇనుప తొట్టి, దాని చివర పండ్లున్న రెండు రోలర్లు, ఒకదాని మీద ఒకటి. తొట్టిలో సొప్ప పెడితే ఆ రెండూ పట్టి లోపలికి లాక్కుంటాయి. వాటికి జానెడు అవతల పెద్ద చక్రం, చక్రానికి రెండు కత్తులు. పై రోలరు ఎత్తు మార్చడానికి రెండు చివర్లా రెండు పెద్ద మర బోల్టులు పెట్టాడు. ఎడమకు తిప్పితే రోలరు పైకి లేస్తుంది, కుడికి తిప్పితే కిందికి దిగుతుంది. లావు సొప్పకు పైకి, సన్న గడ్డికి కిందికి. దారి పొడుగునా కొండప్ప బండి వెనక కూర్చుని ఆ రెండు బోల్టుల్నే తలుచుకున్నాడు. అవి చివరిసారి ఎప్పుడు తిప్పారో ఆ దేవుడికే తెలియాలి.

కొట్టం చుట్టూ ఇరవై మంది మూగి ఉన్నారు. హేమలత తొట్టి మీదికి వంగి నిలబడి ఉంది. కుడి చెయ్యి అరచేతి దాకా లోపలే. బొటనవేలు బయట ఉంది, మిగతా నాలుగు వేళ్ళూ రోలర్ల మధ్య ఉన్నాయి. ఏడవడం లేదు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. అత్త నాగరత్నమ్మ వెనక నుంచి నడుము పట్టుకుని, "ఏం కాదు తల్లీ, ఏం కాదు" అని తనే వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"కరెంటు పోయిందిగాబట్టి బతికింది. లేకుంటే ముంజేతి దాకా పోయ్యేది" అన్నాడు ఓబులేసు. "చక్రం ఎనక్కి తిప్పుదామని చూసినాము, రాలేదు. ముందుకైతే రవ్వంత కదిలింది."

కొండప్పకు పై ప్రాణాలు పైనే పోయాయి. ముందుకు కదిలితే ఆ వేళ్ళు పోయేది ఎక్కడికి? కత్తి కిందికి. మన ఊళ్ళలో మంచి మనసుకు లోటు లేదు గాని, ఆ మంచి మనసుతోటే చేతులూ కాళ్ళూ తీసేస్తారు. ఒక్కడన్నా చక్రం అటు పక్క ఏముందో వంగి చూడలేదు.

ఆయన మిషన్ దగ్గరికి పోలేదు. ముందు మోటారు దగ్గర ఆగి, వైరు పట్టుకోకుండా కళ్ళతోనే దాని వెంట పోయాడు. పిరికివాడి అలవాటు. వైరు గోడ దిగి, చేని గట్టు పట్టుకుని, బోరు దగ్గరున్న స్టార్టరు పెట్టెలోకి పోయింది. ఆ పెట్టెకు ఆటో బిగించి ఉంది. చేలకు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి, వచ్చిన వెంటనే మోటారు దానంతట అదే తిరగాలని ఇక్కడ అందరూ ఆటో పెట్టుకుంటారు. నాగరత్నమ్మ సొప్ప మిషన్‌కు కూడా ఆ పెట్టెలోంచే లైను లాగించింది. ఎవరూ స్విచ్చు ఆపలేదు. కరెంటు పోయింది కదా, ఇంక ఆపేదేంటని.

"ఆటో!" అని అరిచాడు కొండప్ప. "కరెంటొస్తే మిషన్ దానంతట అదే తిరుగుతాది! ఫీజులు పీకండప్పా ఎవురన్నా!"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. కొండప్ప ఒక్క క్షణం చూసి, తనే పరిగెత్తాడు. పంచె కాళ్ళకు అడ్డం పడింది. పెట్టె మూత తీస్తే లోపల మూడు ఫీజులు. వీటిలో కరెంటు ఇప్పుడే, ఈ క్షణమే వస్తే? కళ్ళు మూసుకుని ఒకటి లాగాడు, రెండోది లాగాడు, మూడోది రాలేదు. దేవుడా అని నోట్లో అనుకుంటూ గోళ్ళతో పీకాడు. మూడూ చొక్కా జేబులో వేసుకుని వెనక్కి వచ్చాడు.

సంచి కింద పెట్టాడో లేదో, పక్క చేలో సోమప్ప బోరు గుడగుడమని, పైపులోంచి నీళ్ళు దూకాయి. కరెంటు వచ్చేసింది.

ఇరవై మందీ ఆయన జేబు వంక చూశారు. నాగరత్నమ్మ ఏడుపు కూడా ఆగింది. కొండప్ప తొట్టి అంచు పట్టుకున్నాడు. భయం ఒక ఒంట్లో ఇంత పడుతుందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత చక్రం కమ్మీల మధ్య గడ్డపార దూర్చి, అటూ ఇటూ కదలకుండా మోకుతో బిగించి కట్టించాడు. ఇంక బోల్టులు. ఎడమది పాత నూనెతో మెత్తగా ఉంది. డీజిలు పోసి పది నిమిషాలు తడితే ఊగి, తిరిగింది. కానీ హేమలత చెయ్యి ఇరుక్కున్నది కుడి చివర. ఎడమ పక్క ఎంత లేపినా రోలరు వాలుతుందే తప్ప కుడి పక్క పట్టు వదలదు.

కుడి బోల్టు తల మీద పసుపు ముద్ద ఎండి పెంకు కట్టి ఉంది. పైన కుంకుమ, దానికి అంటుకుని బంతిపూల రెక్కలు. దసరాకు చేసిన ఆయుధపూజ. కొండప్ప గోరుతో గీకాడు. ఒక పొర కింద ఇంకో పొర, పోయినేటిది. దాని కింద ఇంకోటి. అట్టడుగున నల్లటి తుప్పు, పొరలు పొరలుగా, బోల్టు ఎక్కడో మిషన్ ఎక్కడో తెలియకుండా.

ఆయనకు గుర్తొచ్చింది. పదకొండేళ్ళ కిందట మిషన్ ఇచ్చిన రోజు తనే నాగరత్నమ్మకు చెప్పాడు. "ఇది కత్తుల మిషన్ అక్కా. ఏ కీడూ జరక్కుండా ఉండాలంటే ప్రతి ఆయుధపూజకీ టెంకాయ దీని నెత్తి మీదనే కొట్టు, ఇద్దో ఈ బోల్టు మీద" అని వేలు పెట్టి చూపించాడు. మొదటి టెంకాయ తనే కొట్టాడు. ఆమె మాట తప్పే మనిషి కాదు. పదకొండు దసరాలు, పదకొండు టెంకాయలు, ఆ టెంకాయ నీళ్ళన్నీ ఒకే మరలోకి దిగాయి. పండగ రోజు ముట్టకూడదని తుడవరు, మర్నాడు మరిచిపోతారు. కీడు జరక్కూడదని తాను భయపడి చెప్పిన మాటే ఈ పిల్ల చేతిని పట్టుకుని ఉంది. ఆ క్షణంలో కొండప్పకు అక్కడే కూలబడి అందరికీ చెప్పేయాలనిపించింది. చెప్పలేదు. డీజిలు పోశాడు.

సుత్తితో తడుతుంటే ప్రతి దెబ్బకూ హేమలత భుజం అదురుతోంది.

"మామా, చేతి ఏళ్ళు తిమ్మిరెక్కతాండాయి" అంది.

"తీస్తాం తల్లీ, తీస్తాం."

"ఈ చెయ్యి పోతే నాకు కుట్టుపని లేదు మామా. నాకు వచ్చేదదొకటే."

గోళ్ళు నీలంగా మారుతున్నాయేమో, తనకు కనిపించవు. డీజిలు నానాలంటే ఒక పూట కావాలి. ఆయన ముప్పై అయిదేళ్ళ విద్యంతా ఓపికే. ఇప్పుడు అదొక్కటీ లేదు. మంట పెడదామంటే ఇనుములో చెయ్యి ఉంది, కింద మోకాళ్ళ లోతు ఎండు సొప్ప ఉంది. స్పానరు పెట్టి ఎడమకు మెల్లగా ఒత్తాడు. కదల్లేదు. ఇంకొంచెం ఒత్తాడు. అప్పుడు స్పానరు కింద ఏదో మెత్తగా అయినట్టు అనిపించింది. బోల్టు తిరగడం కాదది, మెలిపడడం. విరిగే ముందు ఇనుము అలాగే మెత్తబడుతుంది. పంతొమ్మిదేళ్ళప్పుడు కాళ్ళ కింద తెలిసిన మెత్తదనం అదే. ఆయన చటుక్కున చెయ్యి తీసేశాడు. తల తెగితే ఇంక పట్టుకుని తిప్పడానికి ఏమీ ఉండదు. అప్పుడు విప్పాల్సింది మిషన్‌ను కాదు, చేతిని.

"పైపు తెచ్చినా. దీన్ని తొడిగి ఇద్దరం ఏలాడితే అదే వస్తాది" అని ఓబులేసు ముందుకొచ్చాడు.

"ఆ పైపు దీనికి తాకిస్తే సంపుతా నిన్ను!"

కొండప్ప అంత గొంతు ఊళ్ళో ఎవరూ విని ఎరగరు. ఓబులేసు పైపు కింద పడేశాడు. కొండప్ప కూడా తన గొంతుకు తనే జడుసుకున్నాడు.

ఇంక మిగిలింది ఒక్కటే, తిప్పయ్య మేస్త్రి చెప్పింది. ముందు బిగించాలి. వెంట్రుకంత కుడికి తిప్పితే తుప్పు తెగుతుంది, తెగితే ఎడమకు వస్తుంది. వేల బోల్టులు అలాగే విప్పాడు. కానీ ఈ బోల్టు కుడికి తిరిగితే రోలరు కిందికి దిగుతుంది. రోలరు కింద ఉన్నది సొప్ప కాదు. స్పానరు తీసి పంచెకు తుడిచాడు, చెయ్యి తుడిచాడు, మళ్ళీ స్పానరు తుడిచాడు. అంబులెన్సు చప్పుడేమైనా వినిపిస్తుందేమోనని చెవి పెట్టాడు. సోమప్ప బోరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

చెప్పకుండా చేసేయొచ్చు. అలా చేసే ధైర్యం కూడా ఆయనకు లేదు. హేమలత మొహం దగ్గరికి వంగాడు.

"అమ్మా హేమా, ఇది రావాలంటే ముందు రవ్వంత బిగియాల. ఎంట్రుకంత. నీ చేతి మీద ఇంకొంచెం ఒత్తుతాది. నొప్పయితే అరుచు తల్లీ, ఆపేస్తా."

ఆ పిల్ల ఆయన కళ్ళలోకి చూసింది. "ఆపి ఏం చేస్తావు మామా?"

కొండప్ప స్పానరు వంక చూశాడు.

"తిప్పు" అంది. నాగరత్నమ్మ వైపు తిరిగి, "అత్తా, కొంగు ఇయ్యి" అని అడిగి, ఆ కొంగు నోట్లో కుక్కుకుని తల అటు తిప్పుకుంది.

కొండప్ప స్పానరు పెట్టాడు. వణుకు భుజాల దాకా ఉంది. వణుకు తగ్గే దాకా ఆగుదామనుకున్నాడు, అది తగ్గదని తెలిసి ఆగలేదు. కుడికి ఒత్తాడు. రాయి. ఇంకొంచెం. చెవి మొత్తం హేమలత వైపే ఉంది. అరుస్తుందా? లేదు. ఇంకొంచెం ఒత్తాడు. అరవలేదు. అరవలేదు కాబట్టి నొప్పి లేదు, నొప్పి లేదు కాబట్టి ఇంకొంచెం ఒత్తొచ్చు, అని తనకు తనే చెప్పుకుని ఊపిరి బిగబట్టి ఒత్తాడు.

టక్కుమంది.

"వదిలింది!" అన్నాడు. "వదిలింది తల్లీ, వదిలింది!" స్పానరు ఎడమకు తిప్పాడు. కిర్రుమని కొంచెం వచ్చి ఆగింది. డీజిలు పోసి, కుడికి కొద్దిగా, ఎడమకు కొద్దిగా, అటూ ఇటూ ఆడిస్తే తుప్పు ఎర్రటి పొడిగా రాలింది. ఒక చుట్టు, రెండు చుట్లు. రోలరు లేచింది. నాగరత్నమ్మ, ఓబులేసు కలిసి హేమలత మోచెయ్యి పట్టుకుని మెల్లగా వెనక్కి లాగారు. చెయ్యి బయటికి వచ్చింది. నాలుగు వేళ్ళూ ఉన్నాయి. కొంగు నోట్లోనే పెట్టుకుని ఆ పిల్ల స్పృహ తప్పింది. ఎవరో తెల్లటి తువ్వాలు చుట్టారు. అదే సమయానికి రోడ్డు మీద అంబులెన్సు కూత వినిపించింది.

కొండప్ప కొట్టం వెనక్కి పోయి వాంతి చేసుకున్నాడు. చాలాసేపు లేవలేకపోయాడు.

ఆ తర్వాత ఊరంతా ఒకటే మాట. ఆడపిల్ల ఒక్క అరుపు అరవకుండా చెయ్యి తీసినాడప్పా కొండప్ప అని. టీ బంకు దగ్గర పిలిచి కూర్చోబెట్టారు. పిరికోడు అన్న నోళ్ళే కొండన్నా అన్నాయి. ఆయన సిగ్గుపడుతూనే, "ఎంట్రుకంతే తిప్పినా. అమ్మాయికి తెలీనే తెలీలేదు" అనేవాడు. తిప్పయ్య మేస్త్రి కన్ను పోయిన నాటి నుంచి తన చేత్తో ఎవరికీ దెబ్బ తగలకూడదనే కదా ఈ బతుకంతా. ఆ ఒక్క గండం దాటానన్న తృప్తి ఆయన మొహంలో కనిపించేది. మారెక్క కూడా వారం రోజులు తిట్టలేదు.

టెంకాయ సంగతి మాత్రం లోపల గుచ్చుతూనే ఉంది. ఊళ్ళో మిషన్ ఉన్న ప్రతి ఇంటికీ పోయి, ఇంక టెంకాయ నేల మీద కొట్టండి, మిషన్‌కు బొట్టు ఒక్కటే పెట్టండి అని చెప్పి వచ్చాడు. ఎందుకో చెప్పలేదు. హేమలతను చూడ్డానికి ఆసుపత్రికి పోవడానికి కూడా ధైర్యం చాలలేదు. రేపు పోతా, ఎల్లుండి పోతా అని నెల దాటించాడు.

నలభై రోజులకు హేమలతే వచ్చింది. రాయదుర్గం బస్సు దిగి నేరుగా షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. కట్టు లేదు. చేతి మీద పండ్ల గుర్తులు నల్లగా వరసగా ఉన్నాయి.

"పనిలోకి రమ్మన్నారు మామా. మూడు వేళ్ళు బాగా వంగుతాండాయి. చిటికెనేలే వంగదంట ఇంక. అది లేకున్నా కుట్టచ్చు."

కొండప్పకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఇంక దాచుకోలేక టెంకాయ సంగతంతా చెప్పేశాడు. తను వేలు పెట్టి చూపించిన సంగతి, తనే మొదటిది కొట్టిన సంగతి, పదకొండేళ్ళు ఆ నీళ్ళు దిగిన సంగతి. "తప్పంతా నాదే తల్లీ" అన్నాడు. హేమలత విని, "ఊళ్ళో అందురూ అట్లనే కొడతారు మామా, నువ్వొక్కనివే కాదు" అంది.

ఆ మాటకు ఆయన గుండె తేలికైంది. తేలికై నోరు జారింది.

"అది తప్ప నా చేత్తో నీకు ఏ నొప్పీ తగల్లేదు, అదే నాకు సంతోషం. ఆ పొద్దు నువ్వు అరవకపాయెగాబట్టి ధైర్యమొచ్చింది నాకు. ఒక్క అరుపు అరిచింటివా, స్పానరు ఆడనే ఇడ్సిపెట్టేసేవాన్ని."

హేమలత ఎడమ చేత్తో తన చిటికెన వేలు పట్టుకుంది.

"అందుకే అరవలేదు మామా."

"అంటే?"

"నువ్వు వదిలిందంటివే, అప్పుడు రెండు చప్పుళ్ళు వచ్చినాయి. నీకు బోల్టుదే ఇనపడింది."

కొండప్పకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అరచేతుల్లో ఆ టక్కుమన్న అదురు మళ్ళీ పుట్టింది. ఆ రెండో చప్పుడు చిటికెన వేలి ఎముకదని ఈసారి స్పష్టంగా తెలిసింది. గోడకున్న స్పానర్ల పలక పట్టుకుని నిలబడిపోయాడు.

"బాధపడతావని చెప్పకూడదు అనుకున్యా" అంది హేమలత. "కానీ ఇంగొకరికి ఎవురికన్నా ఇట్ల అయితే, అరవలేదని నమ్మద్దు మామా."

ఆమె కుడి చెయ్యి ముందుకు చాపింది. కొండప్ప దాన్ని ముట్టుకోవడానికి భయపడ్డాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆ చిటికెన వేలు పట్టుకుని, మెల్లగా వంచి చూశాడు. అది వంగలేదు.